స్టేటస్ పెట్టేది పదిమంది కోసం, చూసేది ఊరంతా

తొలకరి చినుకులు పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చుట్టుపక్కల చేలల్లో జనం నేల చూపులు చూస్తూ తిరగడం మొదలవుతుంది. వానకు పైమట్టి కొట్టుకుపోయి తేలిన రాళ్లలో వజ్రం ఉందేమోనని ఆశ. ఈ వెతుకులాటలో ఎవరూ రాసిపెట్టని నియమం ఒకటుంది. మెరిసే రాయి దొరికితే చేలో కేక వేయరు. కొంగున ముడి వేసుకునో, జేబులో వేసుకునో ఇంటిదారి పడతారు, నమ్మకమైన వ్యాపారిని చాటుగా కలుస్తారు. ఇప్పుడు ఆ చేలల్లోకి సెల్ఫీ స్టిక్‌లు, యూట్యూబ్ ఛానళ్ల మైకులు కూడా వచ్చాయి. ఎవరికో ఏదో దొరికిందన్న మాట సాయంత్రానికల్లా ధరతో సహా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఆ ధర నిజమో కాదో తేలేలోపే అప్పు అడిగే ఫోన్లు మొదలవుతాయి.

రాయి సంగతి అంత జాగ్రత్తగా దాచే మనిషే కొత్త బండి కొన్నప్పుడు తాళం చెవి, నంబరు ప్లేటు, షోరూం ముందు ఇంటిల్లిపాది, అన్నీ స్టేటస్‌లో పెడతాడు. గోప్యత ముఖ్యమని చెప్పేవాళ్లే సోషల్ మీడియాలో ఇంటి సంగతులు పంచుకోవడాన్ని పరిశోధకులు ‘గోప్యతా వైరుధ్యం’ అంటారు. పేరు బాగానే ఉంది కానీ, ఇందులో ఉన్నది వైరుధ్యం కంటే లెక్క తప్పడం. చేలో ఎవరెవరున్నారో కంటికి కనిపిస్తారు, ఫోన్‌లో కనిపించరు.

క్లుప్తంగా

సోషల్ మీడియా వల్ల కలిగే సంతోషం దాదాపు అంతా కొద్దిమంది దగ్గరివాళ్ల నుంచే వస్తుంది. సమాచారం జారిపోయేది ఎక్కువగా ఆ చిన్న వలయానికి బయట. అందువల్ల గోప్యతా, సరదా ఒకదానికొకటి శత్రువులు కానక్కర్లేదు. అయితే యాప్‌లను రూపొందించిన తీరు, వాటి వ్యాపార పద్ధతి వలయాన్ని పెంచే వైపే నెడతాయి. చట్టం కంపెనీలను కట్టడి చేయడానికి చూస్తుంది, బంధువులు పెట్టే పోస్టుల జోలికి దాదాపుగా రాదు.

గుట్టు అంటే దాచడం కాదు

రాయలసీమ పల్లె ఎప్పుడూ నాలుగ్గోడల మధ్య బతికింది కాదు. పెళ్లిలో చదివింపులు మైకులో చదువుతారు: ఫలానా ఊరి ఫలానావారు, ఇన్ని రూపాయలు. ఇచ్చిన సొమ్ము ఊరందరికీ తెలిసినా ఎవరికీ చిన్నతనం అనిపించదు. పైగా చదవకపోతేనే అలుగుతారు. అదే ఇంట్లో ఆ పెళ్లికి చేసిన అప్పెంత అన్నది మాత్రం గుట్టు. పెళ్లిచూపులు జరిగిన సంగతి కుదిరేదాకా పక్కింటికి తెలియనివ్వరు, కుదిరాక ఫ్లెక్సీ కడతారు. కడుపుతో ఉన్న సంగతి మూడో నెల దాటేదాకా బయట చెప్పరు. పసిబిడ్డను దిష్టి తగులుతుందని అందరికీ చూపించరు. దిష్టిని నమ్మినా నమ్మకపోయినా ఆ పద్ధతి చేసే పని ఒకటే. ఏ సంగతి ఎవరికి, ఎప్పుడు తెలియాలో ఇంటివాళ్లే నిర్ణయించుకోవడం.

హెలెన్ నిస్సెన్‌బామ్ అనే తత్వవేత్త 2004లో ప్రతిపాదించిన ‘సందర్భ సమగ్రత’ సిద్ధాంతం చెప్పేదీ దాదాపు ఇదే. సమాచారం రహస్యమా, బహిరంగమా అన్నది కాదు అసలు ప్రశ్న. ఏ సందర్భంలో చెప్పిన మాట ఆ సందర్భపు మర్యాద ప్రకారమే ప్రయాణించిందా అన్నది ప్రశ్న. డాక్టరుకు చెప్పిన జబ్బు సంగతి నర్సుకు తెలిస్తే ఇబ్బంది లేదు, చీటీల వ్యాపారికి తెలిస్తే ఉంది.

ఓణీల ఫంక్షన్‌ను ఈ కొలతతో చూస్తే తేడా తెలుస్తుంది. ఆడపిల్ల పెద్దమనిషైన సంగతి పూర్వం కూడా రహస్యం కాదు. పేరంటానికి వచ్చిన ఆడవాళ్లకు, మేనమామ ఇంటికి, వీధిలో వాళ్లకు తెలిసేది. ఆ వలయంలోనే పుట్టి, ఆ వలయంలోనే పాతబడిపోయేది. ఇప్పుడు డ్రోన్‌తో తీసిన వీడియో ఫొటో స్టూడియో వారి యూట్యూబ్ ఛానల్‌లో అమ్మాయి పేరు, ఊరి పేరుతో ఉంటుంది. ఆ అమ్మాయి కాలేజీలో చేరాక తోటివాళ్లకు, ఉద్యోగానికి వెళ్లాక ఆఫీసువాళ్లకు అది ఒక్క వెతుకులాట దూరం. అప్పటికి ఆమె ఇష్టాన్ని అడిగినవాళ్లు ఉండరు. వేడుక మారలేదు, దాన్ని చూసే జనం మారారు.

స్టేటస్ చూసేది ఎవరు

కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో చాలామందికి సోషల్ మీడియా అంటే ముందు వాట్సాప్ స్టేటస్సే. ‘అది మనవాళ్లకే కనిపిస్తుంది కదా’ అన్న ధీమా దాని మీద ఉంది. ఈ ధీమా సగం నిజం. ఇద్దరి ఫోన్లలోనూ ఒకరి నంబరు ఒకరు సేవ్ చేసుకుని ఉంటేనే స్టేటస్ కనిపిస్తుంది. అయితే పదేళ్లుగా ఫోన్‌లో చేరిన నంబర్లు ఎవరివి? గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయి, పాత ఇంటి యజమాని, స్థలం చూపించిన బ్రోకరు, స్కూల్ ఆటో డ్రైవరు, ఫైనాన్స్ కంపెనీ వసూలు మనిషి, బోరు వేసిన మేస్త్రీ. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కానక్కర్లేదు. కానీ ‘తిరుమల వెళ్తున్నాం, ఆదివారం దాకా ఉండం’ అన్న స్టేటస్ వీళ్లందరి కోసం పెట్టింది కాదు.

24 గంటలకు స్టేటస్ మాయమైపోతుందన్నది మరో ధీమా. స్క్రీన్‌షాట్ తీస్తే పెట్టినవారికి కబురు రాదు. బ్లూ టిక్‌లు ఆపేసుకున్నవారు చూసినా వారి పేరు జాబితాలో కనిపించదు. 2016 నుంచి వాట్సాప్‌లో ఉన్న ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ కూడా ఇక్కడ అక్కరకు రాదు. అది దారిలో ఎవరూ చదవకుండా కాపలా కాస్తుంది, చేరాల్సిన చోటికి చేరాక దాని పని అయిపోయినట్టే. తలుపుకు ఎంత గట్టి గడియ ఉన్నా, లోపలికి పిలిచిన చుట్టం బయటికెళ్లి చెబితే గడియ ఏం చేస్తుంది.

గ్రూపుల సంగతి ఇంకా వదులుగా ఉంటుంది. 2022 తర్వాత ఒక్కో గ్రూపులో 1,024 మంది దాకా ఉండొచ్చు. బడి గ్రూపు, కులసంఘం గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, ఏదైనా సరే, అందులో ఉన్న ప్రతి ఒక్కరి నంబరూ మిగతా అందరికీ తెలుస్తుంది. అడగకుండా గ్రూపుల్లో చేర్చడాన్ని అడ్డుకునే సెట్టింగ్ 2019లోనే వచ్చింది, మెనూలో అడుగున ఉంటుంది కాబట్టి వాడేవాళ్లు తక్కువగా కనిపిస్తారు.

మరి సంతోషం ఎవరివల్ల వస్తోంది? మనుషుల స్నేహ వలయాలను అధ్యయనం చేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ లెక్కలో ఒక మనిషి నిలబెట్టుకోగల సంబంధాలు సుమారు 150. అందులో బాగా దగ్గరివాళ్లు 15 మంది, ప్రాణంలా చూసుకునేవాళ్లు అయిదుగురు. ఫేస్‌బుక్ 5,000 మంది మిత్రులకు చోటిస్తుంది. బిడ్డ మొదటి అడుగు వీడియోకు అమ్మమ్మ పెట్టే వాయిస్ మెసేజ్, హాస్టల్ నాటి స్నేహితుడి వెక్కిరింత వంటివే గుర్తుండిపోతాయి. మిగతా మూడొందల లైకులు అంకె మాత్రమే. ఆ అంకెలోనూ కిక్కు ఉందనుకోండి, అది వేరే సరుకు.

కువైట్ నుంచి వీడియో కాల్

ఉమ్మడి కడప జిల్లా నుంచి గల్ఫ్‌కు, ముఖ్యంగా కువైట్‌కు పోయిన కుటుంబాల్లో ఈ లెక్క కాస్త మారుతుంది. డ్రైవింగ్‌కో ఇంటిపనికో వెళ్లినవాళ్లకు బిడ్డల పెరుగుదల కనిపించేది ఫోన్‌లోనే. ఉత్తరాలు, క్యాసెట్ల రోజుల్లో నెలలు పట్టిన కబురు ఇప్పుడు క్షణంలో అందుతుంది. పొలం పనులు లేక ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు వలసపోయే కుటుంబాలకూ ఊళ్లో వదిలిన పిల్లలతో, ముసలివాళ్లతో బంధం ఫోనే. ఇలాంటి చోట ‘ప్రమాదం ఎందుకు, సోషల్ మీడియా మానేయండి’ అన్న సలహా పనికిరాదు. ఆ సలహా ఇచ్చేవాళ్ల బిడ్డలు బహుశా పక్క గదిలోనే ఉంటారు.

అయితే ఈ ఇళ్ల మీదే కళ్లు ఎక్కువ. ఇంటికి రెండో అంతస్తు లేస్తున్న వీడియో భర్త చూడాలని తీసింది. అదే వీడియో స్టేటస్‌కు ఎక్కితే ఆ ఇంట్లో మగదిక్కు లేదని, డబ్బు వస్తోందని, ఎప్పుడు వస్తోందని చూసేవాళ్లు చదువుకోగలరు. ప్రయాణం రోజు విమాన టికెట్టు, పాస్‌పోర్టు పట్టుకుని తీసుకునే ఫొటో ఇంకొకటి. టికెట్టు మీద ఉండే పీఎన్‌ఆర్, ఇంటిపేరు కలిస్తే చాలా విమాన సంస్థల వెబ్‌సైట్లలో బుకింగ్ తెరుచుకుంటుంది. బోర్డింగ్ పాస్ బార్‌కోడ్‌లోనూ ఆ వివరాలు ఉంటాయి, వేలు అడ్డంపెట్టి అంకెలు మూసినా బార్‌కోడ్ బయటే ఉంటుంది.

ఇక్కడ తేడా ఒకే ఒక్క మీటలో ఉంది. వీడియో భర్తకు నేరుగా పంపితే సంతోషం పూర్తిగా దక్కుతుంది. స్టేటస్‌లో పెడితే సంతోషంలో కొత్తగా చేరేది కొంచెమే, చూసేవాళ్లు మాత్రం వందల్లో చేరతారు.

ముక్కలు కలిస్తే మనిషి

‘ఒక్క ఫొటోతో ఏమవుతుంది’ అన్న ప్రశ్నకు జవాబు నిజంగానే ‘ఏమీ కాదు’. ఇబ్బంది ఒక్కదానితో రాదు, కలయికతో వస్తుంది. అమెరికా పరిశోధకురాలు లటాన్యా స్వీనీ 2000లో ఒక లెక్క వేశారు. పుట్టినతేదీ, స్త్రీయా పురుషుడా అన్నది, తపాలా పిన్ కోడ్ లాంటి జిప్ కోడ్, ఈ మూడూ తెలిస్తే చాలు, పేరు లేకపోయినా ఆ దేశ జనాభాలో 87 శాతం మందిని విడివిడిగా గుర్తించవచ్చని తేలింది. అక్కడి జిప్ కోడ్‌లు, ఇక్కడి పిన్ కోడ్‌లు ఒకేలా ఉండవు కాబట్టి ఆ శాతాన్ని యథాతథంగా ఇక్కడికి తేలేం. సూత్రం మాత్రం ఎక్కడైనా అదే.

పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు స్టేటస్‌లు చూస్తే ఈ సూత్రం కళ్లకు కడుతుంది. మార్కుల మెమో మొత్తం ఫొటో తీసి పెడతారు. అందులో విద్యార్థి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టినతేదీ, హాల్‌టికెట్ నంబరు, బడి పేరు అన్నీ ఉంటాయి. ఆ వివరాలు చేతికి చిక్కిన మోసగాడు తండ్రికి ఫోన్ చేసి, బిడ్డ పేరూ మార్కులూ కరెక్టుగా చెప్పి, ‘స్కాలర్‌షిప్ వచ్చింది, ఖాతా వివరాలు కావాలి’ అంటే నమ్మకపోవడం కష్టం. మోసం నిలబడేది వివరాల సంఖ్య మీద కాదు, అవి సరిపోలడం మీద.

ఫోన్ నంబరు ఇప్పుడు పేరుకు కూడా తాళం చెవి. యూపీఐ యాప్‌లో ఏదైనా నంబరు కొడితే బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు కనిపిస్తుంది. డబ్బు తప్పుడు మనిషికి పోకుండా పెట్టిన ఏర్పాటు అది, మంచిదే. కానీ ఇన్‌స్టాగ్రామ్‌లో మారుపేరుతో రీల్స్ చేసే అమ్మాయి నంబరు ఒక్క గ్రూపులో దొరికితే చాలు, మారుపేరు మారుపేరుగా మిగలదు.

2024 చివరి నుంచి వేర్వేరు రాష్ట్రాల పోలీసులు హెచ్చరిస్తున్న ‘పెళ్లి కార్డు’ మోసం ఈ బంధాల మీదే ఆడుతుంది. పెళ్లి పత్రిక అని ఏపీకే ఫైల్, అంటే ఫోన్‌లో యాప్‌ను దించే ఫైల్, వస్తుంది. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్ అదుపు పోతుంది, ఆ ఫోన్ నుంచే మళ్లీ చుట్టాలందరికీ అదే పత్రిక వెళ్తుంది. అపరిచితుడు పంపితే తెరవని ఫైల్‌ను మేనత్త నంబరు నుంచి వస్తే తెరవకుండా ఎలా ఉంటారు? పత్రిక ఫొటోగానో పీడీఎఫ్‌గానో రావాలి గానీ యాప్‌గా రాదన్నది ఇక్కడ పనికొచ్చే ఒకే ఒక్క గుర్తు.

ఆన్‌లైన్ అప్పుల యాప్‌ల వేధింపులు కూడా కాంటాక్ట్ జాబితా, గ్యాలరీ చేతికి చిక్కడం వల్లే సాగాయి. కిస్తీ తప్పితే మార్ఫింగ్ ఫొటోలు బంధువులందరికీ పంపేవారు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన మార్గదర్శకాలు అప్పుల యాప్‌లు కాంటాక్ట్‌లు, కాల్ జాబితా, ఫైళ్ల జోలికి పోకూడదన్నాయి. నియమాలను పట్టించుకోని యాప్‌లకు మాత్రం ఇప్పటికీ ‘అనుమతించు’ అన్న మీటే దారి.

కంపెనీ లెక్క వేరు

వలయాన్ని చిన్నదిగా ఉంచుకునే మీటలు యాప్‌లలో లేకపోలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ‘క్లోజ్ ఫ్రెండ్స్’ 2018 నుంచి ఉంది. లైకుల సంఖ్య దాచే వీలు 2021లో వచ్చింది. వాట్సాప్ స్టేటస్‌ను ఎంచుకున్న కొద్దిమందికే చూపించవచ్చు. కానీ అవి వెతుక్కుంటే దొరికేవి, ముందే పెట్టి ఉన్నవి కావు. కారణం ఆదాయ పట్టికలో ఉంది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌ల యజమాని అయిన మెటాకు 2024లో వచ్చిన రాబడి సుమారు 16,450 కోట్ల డాలర్లు. అందులో 97 శాతానికి పైగా ప్రకటనల నుంచే. ఎక్కువమంది ఎక్కువసేపు చూస్తేనే ప్రకటనకు చోటు. చాలాకాలం ప్రకటనలు లేని వాట్సాప్‌లో కూడా స్టేటస్‌ల మధ్య వాటిని చూపిస్తామని 2025 జూన్‌లో సంస్థ ప్రకటించింది. స్నేహితులు పెట్టే స్టేటస్ ఇకపై ఆ ప్రకటనలు చూపించడానికి ఎర.

వాట్సాప్ 2021 గోప్యతా విధానం వినియోగదారులకు ‘ఒప్పుకో, లేకపోతే వదులుకో’ అన్నట్టుందని తప్పుపడుతూ, వ్యాపారాల మధ్య పోటీని పర్యవేక్షించే భారత పోటీ కమిషన్ 2024 నవంబరులో మెటాకు రూ.213.14 కోట్ల జరిమానా వేసింది. పైన చెప్పిన రాబడితో పోలిస్తే అది వాననీటిలో చినుకు.

మన గోప్యత మన చేతుల్లోనే ఉందన్న మాట నిలవదని చూపించింది కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం. ఒక క్విజ్ యాప్ ద్వారా సేకరించిన ఫేస్‌బుక్ వినియోగదారుల వివరాలు ఆ పేరుగల బ్రిటిష్ రాజకీయ సలహా సంస్థ చేతికి చేరాయి. 2018లో బయటపడ్డ ఈ ఉదంతంలో ఫేస్‌బుక్ చెప్పిన ప్రకారం భారత్‌లో ఆ క్విజ్ యాప్‌ను వాడినవారు 335 మంది. వారి స్నేహితులు కావడం వల్ల వివరాలు పోయి ఉండవచ్చనుకున్నవారితో కలిపితే 5,62,455 మంది. అంటే ఒకరు నొక్కిన ‘ఓకే’ సగటున పదహారు వందల మందికి పైగా తగిలింది. వాళ్లలో జాగ్రత్తపరులు ఉండే ఉంటారు.

చట్టం ఎక్కడ ఆగుతుంది

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. ఆరేళ్లకు, 2023లో, డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, కంపెనీల ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. డేటాను కాపాడలేకపోతే జరిమానా రూ.250 కోట్ల దాకా ఉండొచ్చు. 18 ఏళ్లలోపు పిల్లల డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. పిల్లల కదలికలను వెంటాడి ప్రకటనలు గురిపెట్టడం కుదరదు.

ఇదే చట్టంలో రెండు మినహాయింపులు ఉన్నాయి. మనిషి తన సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే డేటాకు చట్టం వర్తించదు. ఎవరైనా తమ వివరాలను తామే బహిరంగపరిస్తే వాటికీ వర్తించదు. మొదటిది సబబే, లేకపోతే పెళ్లి ఆల్బమ్‌కు కూడా అనుమతి పత్రాలు కావాలి. కానీ దాని ఫలితం ఏమిటంటే, పిన్ని తన ఫేస్‌బుక్‌లో పెట్టిన ఓణీల ఫొటో గురించి ఆ అమ్మాయి ఈ చట్టం కింద చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. రెండోది ఇంకా పదునైనది. బహిరంగంగా పెట్టిన స్టేటస్, రీల్ పెట్టినవాళ్లకు ఈ చట్టం గొడుగు పట్టదు.

పరువుకు, శరీరానికి సంబంధించిన హాని జరిగినప్పుడు వేరే చట్టాలు పనిచేస్తాయి. సమ్మతి లేకుండా మనిషి ఆంతరంగిక భాగాల చిత్రాలు తీసినా, పంచినా ఐటీ చట్టం 66ఈ సెక్షన్ ప్రకారం మూడేళ్ల దాకా జైలు లేదా రూ.2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అలాంటి చిత్రాలు, మార్ఫింగ్ ఫొటోలపై బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తొలగించాలని 2021 ఐటీ నిబంధనలు సోషల్ మీడియా సంస్థలకు గడువు పెట్టాయి, 2026 ఫిబ్రవరిలో ఆ గడువును రెండు గంటలకు తగ్గించారు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కు ఫోన్ చేస్తే, సొమ్ము ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే అవకాశం ఉంటుంది.

పూర్తిగా నిషేధమే మందన్న వాదనా ఉంది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్లలోపువారికి సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చేసింది. అయితే వయసు నిరూపించడానికి ముఖమో, గుర్తింపు కార్డో చూపించాల్సి రావచ్చు, అంటే పిల్లల గోప్యత కోసం ఇంకొంత డేటా అప్పగించాల్సి రావచ్చు. పైగా పిల్లల పేరున ఖాతా లేకపోయినా తల్లిదండ్రుల ఖాతాలో వాళ్ల ఫొటోలు ఉంటూనే ఉంటాయి.

చీర అమ్మాలంటే ముఖం చూపాలి

ఇంతదాకా చెప్పిన లెక్క, అంటే వలయం చిన్నదైతే నష్టం లేదన్నది, సరదా కోసం వాడేవాళ్లకు సరిపోతుంది. బతుకుతెరువు కోసం వాడేవాళ్లకు సరిపోదు. ధర్మవరం పట్టుచీరలను ఇంట్లోంచే లైవ్‌లో అమ్మే మహిళకు ఎంతమంది చూస్తే అంత వ్యాపారం. అంచు రంగు చూపిస్తూ, తెర మీద వాట్సాప్ నంబరు వేస్తూ గంటసేపు మాట్లాడితే ఆర్డర్లు వస్తాయి. వాటితో పాటే అర్ధరాత్రి వీడియో కాల్స్, వెకిలి మెసేజ్‌లు వస్తాయి. ఊళ్లో వాళ్ల వ్యాఖ్యానం ఉండనే ఉంటుంది. గండికోట లోయ అంచున రీల్ చేసే కుర్రాడికి అదే వ్యాఖ్యానం మెచ్చుకోలుగా వస్తుంది. బహిరంగతకు ఆడవాళ్లు కట్టే ధర ఎక్కువ.

ఈ రంగంలో ఉన్నవారు కనిపెట్టుకున్న దారి, వ్యాపారానికి వేరే సిమ్, వేరే బిజినెస్ ఖాతా పెట్టుకోవడం. ఇంటి నంబరు తెర మీదికి రాదు. పిల్లల ఫొటోలు వ్యాపార ఖాతాలో పడవు. వీడియోలో వెనక కనిపించేది చీరల బీరువాయే గానీ ఇంటి వాకిలి కాదు. చాలావరకు ఇది పనిచేస్తుంది. చిక్కు వచ్చేది డబ్బు తీసుకునే దగ్గర. రెండో సిమ్‌ను పాత పొదుపు ఖాతాకే కలిపితే, చీర కొనే ప్రతి ఒక్కరికీ క్యూఆర్ కోడ్ కొట్టగానే ఇంటిపేరుతో సహా పూర్తి పేరు కనిపిస్తుంది. దుకాణం పేరుతో కరెంట్ ఖాతా తెరిస్తే అక్కడ దుకాణం పేరే పడుతుంది. దానికి వ్యాపార రుజువు పత్రాలు, బ్యాంకు చుట్టూ నాలుగైదు తిరుగుళ్లు, ఖాతాలో ఎప్పుడూ ఉంచాల్సిన కనీస నిల్వ కావాలి. నెలకు పది చీరలు అమ్మే ఇంటికి ఆ నిల్వ రెండు చీరల పెట్టుబడి.